ఆల్చిప్పకున్న విలువ మన బిందెకు లేదా?

మన అనంతపురం సీమలో నీళ్ల మాట ఎత్తితే అందరూ ఒకటే పాట పాడతారు: నీళ్లు లేవు. ఓట్లకొచ్చిన నాయకుడూ అదే అంటాడు, జీపులో వచ్చిన అధికారీ అదే అంటాడు. నిజమే. ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. 2022లో జిల్లాను రెండు ముక్కలు చేసి ఒకదానికి శ్రీసత్యసాయి జిల్లా అని పేరు పెట్టినారు గానీ, మబ్బులకు ఆ సంగతి తెలీదు. రెండు పక్కలా ఎండే.

కానీ ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. వచ్చిన ఆ రవ్వన్ని నీళ్లు ఎట్లాంటివి? ఊళ్లోకి ఎట్లాంటివి పోతున్నాయి, మాలగేరికి, మాదిగగేరికి ఎట్లాంటివి వస్తున్నాయి? వాటిల్లో ఏముందో ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? చూసిన కాగితం ఏది?

వాన పడకపోవడం కరువు. పైపులో వచ్చిన నీళ్లు గేరికి చేరేసరికి మురికై చేరడం మాత్రం కరువు చేసిన పని కాదు. మనుషులు చేసిన పని. కులం చేసిన పని. ఆ సంగతే ఇక్కడ మాట్లాడుకుందాం.

చిప్ప తాగే నీళ్లకు కాపలా

మనకు సముద్రం దూరం. ఆల్చిప్ప అంటే మనలో శానామందికి ముత్యమే గుర్తొస్తుంది. కానీ కొన్ని రకాల ఆల్చిప్పల లోపలుండే మెత్తటి కండను అమెరికాలో, ఐరోపాలో డబ్బున్నోళ్లు నిమ్మకాయ పిండుకొని పచ్చిగానే మింగుతారు. ఖరీదైన తిండి. తీరం వెంబడి నీళ్లల్లో దాన్ని పంటలాగా పెంచుతారు. నీళ్లల్లో క్రిముల్ని ఎట్లా లెక్కపెట్టాలి, ఎవరి కోసం లెక్కపెడతారు అనే సంగతి ఈ చిప్ప కథలో బాగా తెలుస్తుంది. అందుకే చెప్తున్నాం.

పెద్ద ఆల్చిప్ప అతుక్కున్న చోటు నుంచి కదలదు. నోరు తెరిచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది, అందులోని తిండిని వడగట్టుకొని నీళ్లు బయటికి వదులుతుంది. అన్నీ అనుకూలిస్తే ఒక్క చిప్ప రోజుకు వంద లీటర్లకు మించి వడగట్టగలదు. ఆ నీళ్లల్లో ఊరి మురుగు కలిసిందంటే, మలంలోని క్రిములు కూడా చిప్ప కండలో పోగుపడతాయి. పచ్చిగా తిన్న మనిషికి టైఫాయిడో, వాంతులు బేదులో పట్టుకుంటాయి. మురుగు కలవకపోయినా విబ్రియో అనే క్రిములు కొన్ని సముద్రపు నీళ్లల్లో వాటంతట అవే బతుకుతుంటాయి. అవి కలరా క్రిమికి దాయాదులు. నీళ్లు వెచ్చబడే కొద్దీ పెరుగుతాయి.

1924 చలికాలంలో అమెరికాలో పెద్ద దెబ్బ తగిలింది. న్యూయార్క్, చికాగో, వాషింగ్టన్ నగరాల్లో ఆల్చిప్పలు తిన్నవాళ్లు టైఫాయిడ్‌తో మంచాన పడ్డారు. సుమారు 1,500 మందికి జబ్బు చేసింది, 150 మంది దాకా చచ్చిపోయారు. అప్పుడేం జరిగింది? విచారణ కమిటీ వేసి ఫైలు బీరువాలో పెట్టలేదు. 1925 ఫిబ్రవరికల్లా ఆ దేశపు ఆరోగ్యశాఖ పెద్ద అధికారి రాష్ట్రాల అధికారులనూ, వ్యాపారులనూ ఒకచోట కూర్చోబెట్టి కట్టుబాటు చేయించాడు. చిప్పను చూస్తే చాలదు, చిప్ప పెరిగే నీళ్లను చూడాలి. ఒడ్డు వెంబడి తిరిగి మురుగు ఎక్కడ కలుస్తుందో కనిపెట్టాలి.

ఇప్పటికీ అక్కడ అదే పద్ధతి. నీళ్లల్లో మలానికి సంబంధించిన క్రిములు వంద మిల్లీలీటర్లకు, నడిమి లెక్కన, 14 దాటితే ఆ తావులో పెరిగిన చిప్పల్ని నేరుగా అమ్మనియ్యరు. పెద్ద వాన పడితే మురుగు కొట్టుకొస్తుందని కొన్ని తావులను వాన పడిన వెంటనే మూసేస్తారు. ఐరోపాలో చిప్ప కండనే పరీక్ష చేస్తారు. వంద గ్రాములకు 230 ఇ.కోలి క్రిములు, అదీ మొదటి తరగతికి గీత. ఏ తావు తెరిచింది, ఏ తావు మూసింది జనానికి చెప్తారు.

అందులో తప్పేం లేదు. తినే తిండికి కాపలా ఉండాల్సిందే. మేం అడిగేది ఒకటే. డబ్బున్నోడు పండగ పూట మింగే చిప్ప ఏ నీళ్లు తాగి పెరిగిందో లెక్క తీస్తారే, మన గేరిలో మూడేళ్ల పిల్ల రోజూ తాగే నీళ్ల లెక్క ఏది?

'అది తెల్లోళ్ల దేశమప్పా, ఈడ యాడ కుదురుతాది' అంటారేమో. ఈడా కుదిరింది. 1997లో మన దేశం నుంచి పోయిన చేపల్లో, రొయ్యల్లో సాల్మొనెల్లా క్రిములున్నాయని ఐరోపా యూనియన్ దిగుమతులు ఆపేసింది. అంతే, ఢిల్లీ నుంచి కోస్తా దాకా అందరికీ నిద్ర పట్టలేదు. కర్మాగారాలు బాగు చేసుకున్నారు, నీళ్లు శుద్ధి చేసుకున్నారు, ఐసు శుద్ధి చేసుకున్నారు, పరీక్షశాలలు పెట్టుకున్నారు. పరాయి దేశపు దొర పళ్లెంలోకి పోయే రొయ్యకు క్రిమి సోకకుండా చూడటం మన సర్కారుకు చేతనైంది. అంటే చేతకాని పని కాదన్నమాట. ఎవరి కోసం చేయాలన్నదే ప్రశ్న.

కాగితం మీద గీత సున్నా

మన తాగే నీళ్లకు కొలత లేకపోలేదు. ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. 1983లో పెట్టారు, 1991లో ఒకసారి, 2012లో ఇంకోసారి సరిదిద్దారు. అది చెప్పేదేమంటే, ఏ వంద మిల్లీలీటర్ల నీళ్లు పట్టి చూసినా ఇ.కోలి కనిపించకూడదు. 14 కాదు, 230 కాదు, ఒక్కటి కూడా ఉండకూడదు. క్లోరిన్ కలిపిన నీళ్లల్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలని కూడా ఆ ప్రమాణంలోనే ఉంది.

ఈ ఇ.కోలి ఏమిటి? మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో బతికే క్రిమి. అందులో శానా రకాలు మనల్ని ఏమీ చేయవు, కొన్ని మాత్రం రక్తబేదులు పెట్టిస్తాయి. పరీక్షలో దాన్నే ఎందుకు వెతుకుతారంటే అది దొంగ అడుగుజాడ లాంటిది. ఇ.కోలి కనిపించిందంటే మలం నీళ్లల్లోకి దారి చేసుకుందని అర్థం. ఆ దారిలోనే టైఫాయిడ్, కలరా, కామెర్లు వస్తాయి. ఈ రోజు రాకపోతే రేపొస్తాయి.

2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ ప్రకటించారు. ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నారు. ఊరూరా పరీక్ష పెట్టె ఇచ్చి ఐదుగురు ఆడవాళ్లకు నేర్పిస్తామన్నారు. ఏడాదికి రెండుసార్లు క్రిముల పరీక్ష, ఒకసారి రసాయనాల పరీక్ష అని రాసుకున్నారు. కాగితం మీద చూస్తే మన బిందె ఆల్చిప్ప కంటే పై మెట్టు మీదుంది.

అక్కలారా, అన్నలారా, ఒక్క మాట చెప్పండి. మీ గేరిలో ఆ పరీక్ష పెట్టె చూసినారా? ఆ ఐదుగురిలో మన గేరి ఆడమనిషి ఎంతమంది? నమూనా ఎక్కడ పట్టినారు, ఊరి ట్యాంకు దగ్గరా, మన గేరి చివరి కొళాయి దగ్గరా? ట్యాంకు దగ్గర పట్టిన నీళ్లు బాగుంటే ఊరంతా బాగుందని రాసుకుంటారు. మన నీళ్లు చెడేది ట్యాంకు దగ్గర కాదు, దారిలో.

మురికి గేరికే ఎందుకు దిగుతుంది?

ఊరు కట్టినప్పుడే మనల్ని పల్లానికో, ఊరి చివరకో తోశారు. ఊళ్లో వాడిన నీళ్లు, పేడ నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు కాలువ కట్టి ఎటు పారతాయి? పల్లానికి. పైపు ఎటు నుంచి వస్తుంది? ఊరి నడుమ ట్యాంకు నుంచి ఊరంతా తిరిగి ఆఖరుకు మన గేరికి. చాలా ఊళ్లల్లో కాలువా, పైపూ పక్కపక్కనే వస్తాయి, కొన్నిచోట్ల పైపు కాలువలోనే పడుకుంటుంది.

పైపులో నీళ్లు నిండా ఒత్తిడితో పారుతుంటే, సందున్న చోట నీళ్లు బయటికి కారతాయి. అప్పుడు ప్రమాదం తక్కువ. నీళ్లు ఆపినప్పుడే అసలు కథ. పైపు ఖాళీ అవుతూ బయటున్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ మురుగు ఉంటే మురుగే లోపలికి పోతుంది. రోజంతా నీళ్లు పారే ఊళ్లో ఇది తక్కువ. రెండు రోజులకో, నాలుగు రోజులకో ఒక గంట వదిలే మన కరువు ఊళ్లల్లో ఇది ప్రతి వదుపుకూ జరుగుతుంది. పైన ఊళ్లో ఇళ్లకు మోటార్లు బిగించి పైపును పీలుస్తుంటే మనకు వచ్చేది సన్నటి ధార. ఆ ధారతో పాటే కాలువ వాసన. మన ఆడవాళ్లు మొదటి బిందె పారబోసి రెండో బిందె పడతారు. వాళ్లు ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ ఆ శాస్త్రం వాళ్లకు తెలుసు. కానీ నీళ్లే నాలుగు బిందెలు వచ్చే రోజు ఒక బిందె పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి?

ట్యాంకులో కలిపిన క్లోరిన్ కూడా దారిలో మురికితో పోరాడి పోరాడి అయిపోతుంది. పైపు మొదట్లో ఉన్నోళ్లకు అందుతుంది, కొసన ఉన్నోళ్లకు అందదు. అన్నం పంతిలో మనల్ని ఆఖర్న కూర్చోబెట్టినట్టే క్లోరిన్ పంతిలోనూ మనం ఆఖరే.

బోరింగు నీళ్లు మేలనుకుంటాం. మన నేల తీరు చూడండి. పైన మోకాలి లోతు ఎర్రమట్టి, కింద రాయి, రాయిలో నెరియలు. ఇసుక నేలలో మురుగు ఇంకితే ఇసుక కొంత వడగడుతుంది. రాతి నెరియల్లో వడగట్టేదేమీ లేదు, దిగిన మురుగు దిగినట్టే బోరులోకి పోతుంది. సెంటున్నర, రెండు సెంట్ల కాలనీ స్థలంలో ఇల్లు, మరుగుదొడ్డి గుంత, బోరింగు అన్నీ ఒకదాని మీద ఒకటి. 2014 నుంచి మరుగుదొడ్లు కట్టుకొమ్మన్నారు, మంచిదే. గుంతకూ బోరుకూ దూరం ఉండాలంటే స్థలం కావాలి గదా? స్థలం ఇవ్వకుండా దొడ్డి ఇచ్చారు. చప్టా పగిలిన బోరింగు చుట్టూ నిలిచిన నీళ్లు మళ్లీ ఆ బోరింగులోకే దిగుతాయి.

తొలకరి వాన పడిందా, నెలల తరబడి ఎండిన పేడ, పెంట అంతా ఒక్కసారి కుంటలోకి, వంకలోకి, బోరు మొదట్లోకి కొట్టుకొస్తుంది. సముద్రం ఒడ్డున ఆల్చిప్పల తావును వాన పడితే మూసే దేశాలున్నాయని చెప్పుకున్నాం. మన గేరిలో తొలి వాన పడిన వారం ఎవరైనా వచ్చి 'ఈ బోరింగు నీళ్లు తాగొద్దు, పరీక్ష చేసిందాకా ఆగండి' అని బోర్డు కట్టినారా?

ఇది ఈనాటి కథ కూడా కాదు. 1876-78 ధాత కరువులో మన జిల్లా ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో విడిపోయింది. ఆ కరువులో జనం తిండి లేక ఎంతగా చచ్చిపోయారో కలరాకూ అంతగా బలయ్యారు. ఉన్న ఒక్క కుంట మీదే మనుషులూ పశువులూ పడితే కరువు వెనకాలే క్రిమి వస్తుంది. ఇటీవలి మాటే చూడండి. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లల్లో మురుగు కలిసి జనం చచ్చిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. నగరాల్లో జరిగితే వార్త. గేరిలో ఒక పసిబిడ్డ బేదులతో పోతే 'దిష్టి తగిలింది' అంటారు, వార్త కాదు.

అంటు ఎవరిది?

మనల్ని అంటరానోళ్లన్నారు. మన నీడ పడితే నీళ్లు మైలపడతాయన్నారు. బావి గట్టు ఎక్కనియ్యలేదు, దోసిలి పట్టించి పైనుంచి పోశారు. హోటల్లో వేరే గ్లాసు పెట్టారు. ఇప్పుడు నీళ్లల్లో ఏది మైలో చెప్పే పరీక్ష వచ్చింది గనక, ఎవరు నీళ్లను ఏం చేశారో లెక్క తీద్దాం.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమంది దళితులతో నడిచిపోయి చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం 1924లోనే తీర్మానం చేసుంది. అయినా మనోళ్లు తాగిన తర్వాత పైకులాలోళ్లు ఆ చెరువును 'శుద్ధి' చేశారు. ఎట్లా? 108 కుండలు పెట్టి, పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదివి నీళ్లల్లో ముంచారు. క్రిముల పరీక్షను అడగండి, ఆ చెరువును ఎవరు మైల చేశారో అది చెప్తుంది. దోసిలి పట్టి తాగినోళ్లా, పేడ కలిపినోళ్లా? పదేళ్లు కోర్టుల్లో నలిగి, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మన హక్కును ఒప్పుకుంది.

మన రాష్ట్రానికి రండి. 1985 జూలై, ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగలు తాగే చెరువు దగ్గర పైకులం కుర్రోళ్లు గేదెల్ని కడిగి ఆ మురికి నీళ్లు చెరువులో కలిసేట్టు చేశారు. వద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త తన బిందె ఎత్తి అడ్డుకుంది. ఆ మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. ఆడవాళ్లను చెరిచారు. కారంచేడు గురించి మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఒక సంగతి మాత్రం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. కారంచేడు మొదలైంది నీళ్ల నాణ్యత దగ్గర. సువార్త అడిగింది నీళ్లు కావాలని కాదు, తాగే నీళ్లల్లో గేదెల మురికి కలపొద్దని. ఈ నేల మీద తాగునీళ్ల శుభ్రత కోసం జరిగిన అతి పెద్ద పోరాటం ఒక మాదిగ ఆడమనిషి ఎత్తిన బిందెతో మొదలైంది. చీరాల శిబిరం, దళిత మహాసభ ఆ బిందెలోంచే పుట్టినాయి. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవైమూడేళ్లు పట్టింది.

పోయిన శతాబ్దం సంగతులంటారా? 2022 డిసెంబరు, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్. దళితవాడ ట్యాంకులో మలం దొరికింది. పిల్లలు జబ్బుపడి ఆసుపత్రికి పోతే, నీళ్లు చూసుకొమ్మని డాక్టర్లు చెప్తేగానీ బయటపడలేదు. పోలీసులు 2025 జనవరిలో ఆ వాడ మనుషులు ముగ్గురి మీదే చార్జిషీటు పెట్టారు. వాడ జనం, దళిత సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. ఏదేమైనా ఆ ట్యాంకును పిల్లల పేగులే పరీక్ష చేశాయి. మన దగ్గర పరీక్ష పెట్టె అంటే మన పిల్లల కడుపే.

ఇంకో మాట. ఊరి ట్యాంకులోకి దిగి పాచి గీకేది ఎక్కువగా ఎవరు? కాలువలో చెయ్యి పెట్టి పూడిక తీసేది ఎవరు? మనోళ్లే. ఊరి నీళ్లను శుభ్రం చేసే చేతుల్ని మైల చేతులన్నారు. కడిగినోడికి మురికి నీళ్లు, కడిగించుకున్నోడికి మంచి నీళ్లు. ఇదేం న్యాయం?

వాళ్లు చెప్పే మూడు సాకులు

మొదటిది: 'మీ అలవాట్లే మంచివి కావు. చేతులు కడుక్కోరు, బయటికి పోతారు.' చేతులు కడుక్కోవాల్సిందే, మేమూ అదే చెప్తాం. కానీ 1892లో జర్మనీలో ఏం జరిగిందో వినండి. హాంబర్గ్, ఆల్టోనా ఆనుకొని ఉన్న రెండు ఊళ్లు. రెండూ ఒకే ఎల్బ్ నది నీళ్లు తాగేవి. ఆల్టోనా దిగువన ఉంది, హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్లే దానికి వచ్చేవి. కానీ ఆల్టోనా ఆ నీళ్లను ఇసుకలో వడగట్టి వదిలేది, హాంబర్గ్ వడగట్టకుండా వదిలేది. కలరా వచ్చింది. హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది చచ్చిపోయారు. రెండు ఊళ్లూ కలిసే వీధుల్లో హాంబర్గ్ నీళ్లు తాగే పక్క పీనుగులు లేచినాయి, ఆల్టోనా నీళ్లు తాగే పక్క జనం బతికి బయటపడ్డారు. మనుషులు ఒకటే, అలవాట్లు ఒకటే, పైపు వేరు. కాబట్టి అలవాట్ల పాఠం చెప్పే ముందు పైపు సంగతి చెప్పండి. చేతులు కడుక్కోవడానికి నీళ్లెన్ని ఇచ్చారో కూడా చెప్పండి.

రెండోది: 'మన జిల్లాకు ఫ్లోరైడే సమస్య.' ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు, మన లోతు బోర్లు శానా దాటుతాయి. పళ్లు గారపట్టడం, మోకాళ్లు బిగుసుకుపోవడం మనం చూస్తూనే ఉన్నాం. కానీ ఫ్లోరైడ్ ఎముకను కొరకడానికి ఏళ్లు పడుతుంది, క్రిమికి ఒక్క రాత్రి చాలు. రెండూ వేర్వేరు, పరీక్షలూ వేర్వేరు. కాచితే క్రిమి చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. ఫ్లోరైడ్ కోసమని నది నీళ్లు తెచ్చారు. 1995-96లో సత్యసాయి ట్రస్టు ఏడొందల పైచిలుకు గ్రామాలకు పథకం కట్టింది. ఆ నీళ్లతో ఫ్లోరైడ్ బాధ తగ్గింది, కాదనడం లేదు. కానీ నది నీళ్లకు క్రిమి బాధ ఎక్కువ. వడగట్టి, క్లోరిన్ కలిపి, ఆ క్లోరిన్ గేరి కొస దాకా మిగిలేట్టు చూడాలి. పథకం నూరు మైళ్లు వచ్చింది, గేరిలో ఆఖరి వంద గజాలు మాత్రం రాలేదు. ఆ వంద గజాలు కులానివి.

మూడోది: 'క్యాను నీళ్లు కొనుక్కోండి.' ఇది అన్నిటికంటే పెద్ద మోసం. ఉపాధి పని కూలి రాక నెలలు ఎదురుచూసే మనిషి నీళ్లకు రోజూ డబ్బు ఎక్కడ తేవాలి? పైగా ఆర్వో యంత్రంలోంచి వచ్చిన నీళ్లల్లో క్లోరిన్ మిగలదు. కడగని క్యానులో పోస్తే, చెయ్యి ముంచి తీస్తే మళ్లీ క్రిమి పడుతుంది. ఆ ప్లాంటును పరీక్ష చేసేది ఎవరు? సర్కారు చేయాల్సిన పనిని దుకాణానికి అప్పగించి మన జేబు కొడతాండారు.

మనం చేయాల్సింది

సంఘం ఉన్న ప్రతి ఊళ్లో ఈ పనులు మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం.

ఒకటి. మన పరీక్ష మనమే చేద్దాం. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన చిన్న పరీక్ష ఉంది, హెచ్‌టూఎస్ సీసా అంటారు. సీసాలో గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట ఉంచాలి. నల్లబడితే నీళ్లల్లో మలం కలిసిందని అనుమానించాలి. ఒక సీసా ఊరి ట్యాంకు దగ్గర, ఒక సీసా గేరి చివరి కొళాయి దగ్గర పట్టండి. రెండూ పక్కపక్కన రచ్చకట్ట మీద పెట్టండి. ఊరంతా చూడనీయండి. ఆ రెండు సీసాలు మన ఉపన్యాసాల కంటే బాగా మాట్లాడతాయి.

రెండు. సీసా నల్లబడితే గ్రామీణ నీటి సరఫరా శాఖకు రాసి పరీక్షశాలలో గట్టి పరీక్ష చేయమని అడగండి. నమూనా గేరి కొళాయిలోనే పట్టాలి, మన మనుషుల ఎదురుగా పట్టాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మా గేరి నీళ్లకు గడిచిన మూడేళ్లలో ఎన్ని క్రిముల పరీక్షలు చేశారు, ఏ తేదీన, ఏ కొళాయిలో, ఏం తేలింది? ముప్పై రోజుల్లో జవాబు చెప్పాల్సిందే.

మూడు. పరీక్ష కాగితం గోడ మీద అంటించాలి. రేషన్ షాపు ముందర ధరల బోర్డు ఉన్నట్టు గేరిలో నీళ్ల బోర్డు ఉండాలి. ట్యాంకు కడిగిన తేదీ, క్లోరిన్ ఎంత, ఇ.కోలి ఉందా లేదా. పరీక్ష నేర్చిన ఐదుగురు ఆడవాళ్లలో మన గేరి ఆడవాళ్లుండాలి. పైపును కాలువలోంచి తీసి వేరే వేయాలి. వానాకాలం మొదట్లో, ఎండాకాలం ట్యాంకర్లు తిరిగేటప్పుడు తప్పక పరీక్ష జరగాలి.

నాలుగు. మన నీళ్లను కావాలని పాడుచేస్తే అది పోట్లాట కేసు కాదు. దళితులు, గిరిజనులు వాడుకునే నీళ్లను పాడుచేయడం 1989 అట్రాసిటీ చట్టం మూడో సెక్షన్ కింద నేరం, 2015 సవరణలో కూడా ఆ మాట నిలిచే ఉంది. కారంచేడు రక్తం ఆ చట్టంలో ఉంది. వాడుకోండి.

ఐదు. సర్కారు కదిలిందాకా మన పిల్లల్ని మనం కాపాడుకోవాలి. అనుమానమున్న నీళ్లు తెర్లకాచి ఒక నిమిషం అట్లే మరగనిచ్చి చల్లార్చి తాగండి. ట్యాంకులో బ్లీచింగు వేస్తే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి పొడి, నీళ్లల్లో కలిపి తేటను పోసి గంట ఆగి వదలాలి. మూట విప్పి నెలలు గడిచిన పొడికి బలం ఉండదు. బిందెలో చెయ్యి ముంచొద్దు, గరిటె పెట్టండి. బిడ్డకు బేదులైతే నీళ్లు మాన్పొద్దు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా గీత మట్టంగా కొలిచి కలిపి కొంచెం కొంచెం తాపండి. బిడ్డ వాడిపోయినా, రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరిగెత్తండి.

'ఇంత చిన్న సంగతికి ఉద్యమమా' అని నవ్వేవాళ్లుంటారు. మహద్‌లోనూ నవ్వినారు. నీళ్లు చిన్న సంగతైతే బావుల గట్టు మీద నుంచి మనల్ని వేల ఏళ్లు ఎందుకు తరిమారు? చెరువు దగ్గర ఒక్క మాట అన్నందుకు ఆరుగుర్ని ఎందుకు చంపారు? అది చిన్న సంగతి కాదని వాళ్లకు తెలుసు. మనకే తెలియాల.

ఆల్చిప్ప కదలదు. ఏ నీళ్లొస్తే ఆ నీళ్లు తాగుతుంది. దానికి నోరుంది గానీ మాట లేదు. అయినా దాని తరఫున అధికారులు ఒడ్డు వెంబడి తిరుగుతారు, ఎందుకంటే దాన్ని తినేది డబ్బున్నోడు. మన తరఫున ఎవరూ తిరగరు. మనమే తిరగాలి. మనకు మాటుంది, కాళ్లున్నాయి, చేతిలో బిందె ఉంది.

మనం చిప్పలం కాదు. ఇచ్చిన నీళ్లు తాగి ఊరుకోం. ఏం నీళ్లిచ్చినారో చూపించమంటాం.

జై భీమ్!